తిరగని చక్రం

మీటరు అబద్ధం చెప్పదట. కరెంటాఫీసులో గుమాస్తా అన్నాడట ఆ మాట, తలెత్తకుండా, చెవిలో పుల్ల తిప్పుకుంటూ, మీటరు అబద్ధం చెప్పదు సాయిబూ, మనుషులే చెబుతారు, పోయి ఇంట్లో వెతుక్కో ఎవరు వాడుతున్నారో, అని. మాబు సాహెబ్ ఆ మాటను జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చి భార్య చెవిలో వేసి తన బరువు దించుకున్నాడు. అప్పట్నుంచీ ఖాదర్‌బీ వెతుకుతూనే ఉంది. ఇవాళ శుక్రవారం, మిట్టమధ్యాహ్నం, ఆయన జుమ్మా నమాజుకి మసీదుకి వెళ్ళాడు, వీధిలో మగపురుగు లేదు. ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఒక్కొక్కటే తన చేత్తో తనే ఆర్పుకుంటూ వచ్చి, వంటింటి బల్బు మాడిపోయి వారమైందని తెలిసి కూడా దాని స్విచ్చినీ ఒకసారి నొక్కి చూసుకుని, ముందు గదిలో అమ్ముడుపోక మిగిలిన మిరపకాయ బస్తాల మీద గోనెపట్టా పరుచుకుని, కాళ్ళు వేలాడేసుకుని, గోడకున్న మీటరుకి ముఖాముఖి కూచుంది. నల్లటి డబ్బా, దానికో అద్దం, అద్దం వెనక పళ్ళెంలాంటి సన్నటి చక్రం, చక్రం అంచున ఎర్ర గుర్తు. ఇల్లంతా ఆర్పేశాక ఆ గుర్తు కదలకూడదు. కదిలిందా, ఈ కప్పు కింద ఇంకెవరో కరెంటు వాడుతున్నారన్నమాట. ఇంకెవరున్నారు ఈ కప్పు కింద, ఆ తలుపు అవతల, వీధివైపు గదిలో అద్దెకున్న కోటిరత్నం తప్ప. ఆమె గదికీ ఈ మీటరే. ఆయన రాత్రే గది ఖాళీ చెయ్యమని చెప్పేవాడు, చెప్పడానికి లేచాడు కూడా. ఖాదర్‌బీయే చెయ్యి పట్టుకుని ఆపింది. రేపు నువ్వు నమాజు నుంచి వచ్చేదాకా ఆగు, నేను చూసి చెబుతా, గుర్తు కదిలితే నేనే పొమ్మంటా, అంది. అందుకని ఈ గంట.

చక్రం కదల్లేదు. కదలకపోయేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది, ఆ వెంటనే అనుమానమూ వచ్చింది, తను సరిగ్గా చూస్తోందా అని. రెప్ప వెయ్యకుండా చూస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఆ నీళ్ళలోంచి చూస్తే గుర్తు కదిలినట్టే ఉంటుంది, తుడుచుకుని చూస్తే ఎక్కడున్నది అక్కడే. నాలుగు రూపాయల దగ్గర తచ్చాడే బిల్లు ఈ నెల నలభై ఏడయి కూచుంటే మనిషికి నిద్ర పడుతుందా. మిరపతోటల్లో కోతకొచ్చే ఆడమనిషి నెల్లాళ్ళు నడుం వంచినా చేతిలో పడని డబ్బు. గడువులోపల కట్టకపోతే ఫ్యూజు పీకేస్తామని కూడా రాశారట. పీకితే పీకనీ, అటక మీద లాంతర్లున్నాయి, మా అమ్మ కరెంటుతోనే కన్నదా నన్ను, అని ఆమె అంది గానీ ఆయన ఒప్పుకుంటాడా. ఈ వీధిలో మొట్టమొదట కరెంటు వచ్చింది తన ఇంటికేనని రెండేళ్ళుగా మీసం దువ్వుతున్న మనిషి. స్తంభం మీంచి తీగ లాగిన రోజు పదిమందిని పిలిచి షర్బత్తు పోయించాడు. స్విచ్చి ఆమె చేతే నొక్కించాడు. బల్బు భగ్గుమనగానే బిస్మిల్లా అంటూ ఆమె రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది, అందరూ ఒకటే నవ్వు, వెలుగొస్తే కళ్ళు మూసుకునే మనిషిని ఇక్కడే చూశాం అని. అప్పుడు మీటరు చూపించి ఇదేమిటని అడిగితే ఇది మన కరెంటుకి కాటా అన్నాడాయన, ఎంత వాడితే అంత తూస్తుంది. కాటా సంగతి ఖాదర్‌బీకి ఒకరు చెప్పాలా. కాటాలో బొటనవేలు ఎక్కడ ఆనిస్తే ఎటు వాలుతుందో పాతికేళ్ళుగా మిరపకాయల యార్డులో చూస్తున్న వాళ్ళ ఇల్లు ఇది. కాటా తప్పు చెప్పదని ఏ వ్యాపారి అన్నా ఆమె ముక్కు చిట్లిస్తుంది. మరి కరెంటాఫీసు గుమాస్తా అంటే ఎందుకు నమ్మింది. ఏమో, కుర్చీలో కూచుని చెప్పాడు కదా, రాసిన కాగితం ఉంది కదా, నమ్మింది.

ఎవరు వాడారు మరి. పక్కింట్లో మొన్న నెలలో పెళ్ళయింది, గుమ్మానికి రంగు బల్బుల తోరణం కట్టారు, మన తీగ మీద కొక్కెం వేసి లాగారేమో, పెళ్ళివారికి అభిమానం ఉంటుంది గానీ పందిరి వేసేవాడికి ఏముంటుంది. కానీ ఆ తోరణం రెండో రాత్రే ఆరిపోయి పెట్రోమాక్సు లైట్లు తెచ్చుకున్నారు, ఆ గోల అంతా తను విన్నదే. పక్కిల్లు కాదు. అయితే ఈయనేనా. పోయినేడు ఉగాది ముందు ఈయన కోటిరత్నం గదిలో ప్లగ్గు పెట్టించాడు, తనకు చెప్పలేదు, వైరింగు మనిషి వచ్చి గోడకి మేకులు కొడుతుంటే అప్పుడు తెలిసింది. ఇదేమిటయ్యా అంటే టీచరమ్మ ఇస్త్రీ పెట్టె కొనుక్కుంటుందట, అడిగింది, పెట్టించాను, ఖర్చు ఆమే ఇచ్చింది, అన్నాడు. కొనుక్కుంటుందట. కొన్నదా? ఆ ఇస్త్రీ పెట్టె మొహం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇప్పటికీ పరుపు కింద మడిచి పెట్టుకున్న చీరే కట్టుకుని బడికి పోతుంది. మరి ఆ ప్లగ్గు దేనికి. ఇంట్లో ఇల్లాలు ఉండగా ఇల్లాలిని అడగకుండా ఆయన్ని అడగడమెందుకు, ఆయన నాతో ఒక మాటైనా అనకుండా సరేననడమెందుకు. ఛీ, ఏం బుద్ధి ఇది, అని ఖాదర్‌బీ తన చెంప తనే వేసుకుంది, వేసుకున్నది పొద్దుట్నుంచీ మిరపకాయల్లో తాలుకాయలు ఏరిన చెయ్యి కాబట్టి చెంప చురచురలాడింది. మంచి పనయింది, అనుకుంది. ఇంకో సంగతి ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడు సరుకు లారీతో గుంటూరు పోయిన రాత్రుళ్ళు ఆమె లోపలి గదిలో బల్బు ఆర్పదు. కూతురికి పెళ్ళి చేసిన మనిషికి చీకటంటే భయమేమిటని నవ్వుతారని చెప్పలేదు. కానీ ఒక్క బల్బు, అదీ నెలకి ఏ రెండు మూడు రాత్రులో, దానికింత వస్తుందా, రాదు. తన బల్బుకి తనే వకీలు, తనే జడ్జీ, కేసు అక్కడికక్కడే కొట్టేసింది.

అట్లా కొట్టేశాక మిగిలింది కోటిరత్నం. అసలు ఎవరీ కోటిరత్నం. దర్శి వైపు మనిషి, ఆడపిల్లల బడిలో కుట్లు అల్లికలు నేర్పుతుంది. మొగుణ్ణి ఆమె వదిలేసి వచ్చిందని ఒక కథ, మొగుడే ఆమెను వెళ్ళగొట్టాడని ఒక కథ, ఈ వీధిలో రెండూ నడుస్తున్నాయి. గది అడగడానికొచ్చిన రోజు గుమ్మంలో నిలబడి నోరు తెరిచి, మాట రాక, ఆపకుండా తుమ్మింది. సీజన్లో ఈ ఇంటికి కొత్తగా వచ్చిన వాళ్ళెవరైనా మొదట చేసే పని అదే. ఒంటరి ఆడదానికి గది ఇస్తారా అని వీధిలో ఆడాళ్ళు మూతులు తిప్పితే, ఇస్తే మీకేం పోయిందమ్మా, మీ ఇంట్లో ఇమ్మన్నానా, అని వాళ్ళ నోళ్ళు మూయించింది ఖాదర్‌బీయే. ఒక్కగానొక్క కూతురు జోహరాని వేటపాలెం ఇచ్చి పంపాక ఈ ఇంట్లో గిన్నె పెట్టిన చప్పుడు గిన్నె తీసేదాకా చెవిలో ఉండేది. ఆ నిశ్శబ్దంలోకి వచ్చింది కోటిరత్నం. అక్కా అంది. మూడో రోజుకే నువ్వు అంది. మధ్య తలుపు గడప మీద ఇద్దరూ కూచుని చీకటి పడేదాకా ఏం మాట్లాడుకునేవాళ్ళో ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాదు, కానీ రోజూ మాట్లాడుకునేవాళ్ళు. సంతకం చెయ్యడం నేర్పింది. పోయిన వానాకాలం టైఫాయిడ్ వచ్చి ఖాదర్‌బీ మంచానికి అతుక్కుపోతే, బడికి సెలవు పెట్టి, తడిగుడ్డ మార్చి మార్చి నుదుటి మీద వేసిందెవరు, మొగుడా, కూతురా. జుట్టంతా రాలిపోయి అద్దం చూసుకుని ఏడుస్తుంటే, మళ్ళీ వస్తుందక్కా, వచ్చాక నేనే జడేస్తా, అని, వచ్చాక నిజంగానే వేసిందెవరు. నోరారా మాట్లాడుకోవడానికి ఈ ఊళ్ళో ఖాదర్‌బీకి ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి తన ఇంట్లో దొంగతనం చేస్తోందా లేదా అన్నది ఇప్పుడీ రేకు చక్రం చెప్పాలి.

చెయ్యదు. రత్నం చెయ్యదు. కానీ నెల రోజులుగా ఆ గదిలోంచి కిరసనాయిలు వాసన రావడం లేదేం. స్టవ్వు పంపు కొట్టే చప్పుడు లేదేం. ఒంటిపూట బడి వదిలి ఇలా వస్తుంది, కాళ్ళు కడుక్కుంటుంది, అలా అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు. మనం ఇక్కడ ఎసరు పెడితే నీళ్ళు మరగనైనా మరగవు ఆ పాటికి. అంత తొందరగా ఎట్లా ఉడుకుతుంది. కరెంటు పొయ్యి అని ఒకటుందట, తీగచుట్ట ఎర్రగా కాలుతుందట, పొగ లేదు వాసన లేదు, గిన్నె పెడితే ఇట్టే మరుగుతుందట, గుంటూరులో ఏ షావుకారింట్లోనో చూసొచ్చి ఆయన చెప్పాడు. బిల్లు వచ్చిన రోజు రాత్రి ఈ రెండూ ఆమె తలలో వాటంతటవే కలిసి కూచున్నాయి, ఆ ప్లగ్గూ ఈ పొయ్యీ, ఇంక విడదీద్దామంటే విడిపోతేనా. మర్నాడు బావి దగ్గర అడిగింది, ఏమ్మా రత్నం, ఆ ప్లగ్గుకి ఏం పెడుతున్నావు, అని. కోటిరత్నం చేద పైకి లాగి గట్టు మీద పెట్టింది. ఏమీ పెట్టడం లేదండీ, అంది. అండీ అంది. మూడేళ్ళుగా నువ్వు అన్న మనిషి అండీ అంటే అర్థమేమిటి. తప్పు లేకపోతే కోప్పడాలి, ఏంటక్కా ఆ అడగడం అని మీద పడాలి, నవ్వాలి, ఏదో ఒకటి చెయ్యాలి గానీ మర్యాద చేస్తారా ఎవరైనా. ఆ రాత్రే ఖాదర్‌బీ మధ్య తలుపుకి ఇటువైపు గడియ పెట్టింది. అది తుప్పు పట్టి కిర్రుమని గోల చేసింది. అవతల వినపడే ఉంటుంది. వినపడితే వినపడనీ అనుకుంది అప్పుడు, రాత్రంతా మటుకు ఆ కిర్రుమన్న చప్పుడే చెవిలో పడుకుంది.

చక్రం కదల్లేదు. మసీదు వైపు నుంచి ఇంకా ఖుత్బా ప్రసంగం వినపడుతోంది, ఒక్కో మాట గాలికి తెలిసి ఒక్కో మాట తెలియకుండా. రోడ్డు మీద పత్తి బేళ్ళ లారీ ఒకటి పోయింది, కిటికీ ఊచలు వణికాయి, మీటరు అద్దమూ వణికింది, గుర్తు మాత్రం ఉన్నచోటే ఉంది. ఉంటుంది మరి, ఎందుకుండదు. తెలివైన మనిషి కదా రత్నం. రాత్రి ఆయన గొంతు తగ్గించి మాట్లాడతాడా ఎప్పుడైనా, పొలం గట్టు మీద మాట్లాడినట్టే మాట్లాడతాడు ఇంట్లోనూ, చెక్క తలుపు అవతలకి అంతా వినపడే ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం ఆపి చూస్తారని తెలిసే ఉంటుంది. తెలిశాక ఏ పిచ్చిది వాడుతుంది. అంటే ఈ చక్రం కదిలితే రత్నం దొంగ, కదలకపోతే గడుసు దొంగ. మరి ఏం జరిగితే దొంగ కాదు. ఖాదర్‌బీ ఆ ప్రశ్న తనకు తనే వేసుకుని, దాన్ని పక్కన పెట్టింది. చెవి తలుపు వైపు పడేసింది. అవతల విసనకర్ర చప్పుడు. ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. మనిషి మెలకువగానే ఉంది. ఇద్దరూ మెలకువగానే ఉన్నారు, ఒకరు ఇటు కూచుని, ఒకరు అటు కూచుని, మధ్యలో ఒక గడియ. ఈ ఎండకి, ఆ రేకుల కింద, ఉడికిపోతూ, రత్నం ఎందుకు మంచినీళ్ళకైనా ఇటు రాలేదు. రానిచ్చావా నువ్వు. గడియ పెట్టుకుని కూచున్నదెవరు. కానీ పిలవచ్చుగా, అక్కా అని ఒక్క కేక వేస్తే చాలదూ.

చూపు అలిసిపోయి చక్రం మీంచి జారి గోడ మీద పడింది. సున్నం గోడ. బస్తాలు ఆనుకున్న మేరా గోనె నేత అచ్చుపడి ఎర్రెర్రటి మరకలు, ఏటా సీజన్లో పడేవే, ఏటా పండక్కి సున్నం వేయిస్తే పోయేవే. ఈసారి సరుకు ఎక్కువొచ్చింది, ధర పెరుగుతుందని రైతులు అమ్మనిస్తే కదా, తెచ్చి మన నెత్తిన పెట్టి పోయారు, మరకలు దూలం దాకా పాకాయి. మీటరుకి ఇటు పక్కా మరకే, అటు పక్కా మరకే, పైనా మరకే. మొన్న లారీ వచ్చి ఎత్తుకుపోయేదాకా ఈ గోడ గోడలా కనపడితే కదా. అసలీ పరీక్ష ఆమె బిల్లు వచ్చిన రోజే చేద్దామనుకుంది. లారీ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. ఎందుకాగాల్సొచ్చింది, మీటరు బస్తాల వెనక ఉంది కాబట్టి. మీటరు బస్తాల వెనక ఉంది. ఖాదర్‌బీ మనసు ఆ మాట దగ్గర ఆగింది, ముందుకు పోలేదు, ఆ మాటనే పట్టుకుని చుట్టూ తిరిగింది. సరుకు దించింది శివరాత్రి అయిన వారానికి. అప్పట్నుంచి మొన్నటిదాకా ఈ మీటరు మొహం ఈ ఇంట్లో వాళ్ళే చూడలేదు. మరి జయరావు ఎలా చూశాడు.

జయరావు అంటే నెలనెలా మీటర్లు రాసుకుపోయే కరెంటాఫీసు మనిషి. సన్నగా, సైకిలు మీద, ఖాకీ సంచి తగిలించుకుని వస్తాడు. ఒంటిపూట బళ్ళు పెట్టిన కొత్తలో వచ్చాడు, అవును, మధ్యాహ్నం వచ్చాడు, రత్నం అప్పటికే ఇంటికొచ్చింది. గుమ్మం మీద కాలు పెట్టీ పెట్టగానే తుమ్మాడు. పెద్ద రుమాలు తీసి ముక్కుకి కట్టుకుని మళ్ళీ కాలు పెట్టాడు, ఈసారి తుమ్ములతో పాటు దగ్గు, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ద్వారబంధం పట్టుకుని తడుముకుంటున్నాడు. తను బస్తాల మధ్య కూచుని తాలుకాయలు ఏరుకుంటూ పగలబడి నవ్వింది. మిరపకాయలకి భయపడితే ఈ జిల్లాలో ఉద్యోగమెట్లా చేస్తారండీ జయరావు గారూ, అంది. మీకలవాటు తల్లీ, నాకు ప్రాణం పోతోంది, అన్నాడు. కాసేపాగితే హమాలీలొస్తారు, అడ్డం తీయిస్తా, అంది. ఎందుకులేమ్మా శ్రమ, నాకు కనపడుతోంది, అన్నాడు. రెండు కళ్ళూ మూసుకుని అన్నాడు. అదే చెప్పి రాత్రి ఆయనతో కలిసి మళ్ళీ నవ్వుకుంది కూడా. రత్నం చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, అతను మొహం కడుక్కుని, ఎదురింటి అరుగు మీద కూచుని, ఊపిరి పీల్చుకుని, పుస్తకం తీసి ఏదో అంకె రాసుకుని, సైకిలెక్కి పోయాడు. మీటరు అబద్ధం చెప్పదు. అసలు దాన్ని ఎవరడిగారు చెప్పమని. ఈ ఇంట్లో వాళ్ళకి ఘాటు తెలియదు, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మిరపకాయల మధ్యే తిని మిరపకాయల మధ్యే పడుకునే వాళ్ళు, కాబట్టి ఒక మనిషి ఆ గదిలోకి రాలేకపోయాడన్నది వాళ్ళకి నవ్వుగా మిగిలింది గానీ సాక్ష్యంగా తట్టలేదు. ఈ సంగతంతా ఖాదర్‌బీ తలలోనే ఉంది. వెతుక్కో అంటే ఆమె ప్లగ్గులో వెతికింది, స్టవ్వులో వెతికింది, రత్నం మొగుడి కథలో వెతికింది, మొగుడి మీదా వెతికింది.

గభాలున కిందికి దిగింది. సంతోషం ముందొచ్చింది, రత్నం దొంగ కాదు, నా రత్నం దొంగ కాదు. సిగ్గు ఆ వెనకే వచ్చింది, గడియ మీద చెయ్యి పడేసరికి. అది ఈసారీ కిర్రుమంది.

గదిలో పరుపు చుట్టి తాడుతో కట్టి ఉంది. దాని పక్కన తాళం వేసిన ట్రంకు పెట్టె. గోడకి ఆనుకుని కోటిరత్నం, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయి. మూల స్టవ్వు బోర్లించి ఉంది. కంచంలో తిన్నంత తినగా మిగిలిన చద్దన్నం, సగం కొరికిన ఉల్లిపాయ. ఎండలకి పొయ్యి ముట్టించలేక రాత్రి వండుకున్నదే తింటోంది పిచ్చిది. ప్లగ్గు చుట్టూ సాలీడు తీరిగ్గా గూడు కట్టుకుంది.

"రత్నం, ఆ మీటరు వాడు చూడకుండానే రాశాడే. ఆ రోజు అది బస్తాల వెనక ఉంది. ఇప్పుడే తట్టింది నాకు."

"తెలుసండీ," అంది కోటిరత్నం.

"తెలుసా?"

"ఆయనకి నీళ్ళిచ్చింది నేనేగా."

"మరి చెప్పలేదేమే? ఇన్నాళ్ళూ నన్నిట్లా కుళ్ళిపోనిచ్చావు."

"మీరే అడుగుతారనుకున్నా. ఎందుకింతొచ్చిందే రత్నం అని అడిగితే చెప్పేదాన్ని. మీరు ప్లగ్గుకి ఏం పెడుతున్నావని అడిగారు. ఆ రాత్రి గడియ పెట్టుకున్నారు. అప్పుడు చెబితే ఏమనుకునేవాళ్ళు?"

తప్పించుకోడానికి చెబుతోందనుకునేది. వేరే ఏమనుకుంటుంది. ఖాదర్‌బీకి తన సంగతి తనకు తెలుసు. ఇంతలో వీధి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు, మాబు సాహెబ్ టోపీ తీసి విసురుకుంటూ వచ్చాడు, ఏమైందే, కదిలిందా, అంటూ. ఆమె గడగడా అంతా చెప్పింది. ఆయన వింటూ వింటూ నుదురు కొట్టుకున్నాడు, ఔను కదా, ఔను కదా, నేనూ నవ్వాను కదే, అన్నాడు. ఆ గుమాస్తా సంగతి రేపు చూస్తాను, ఆ జయరావుని రెక్క పట్టుకుని తీసుకొచ్చి ఈ మీటరు ముందే కూచోబెడతాను, మళ్ళీ రాయించకపోతే అప్పుడడుగు నన్ను, అన్నాడు. తర్వాత మధ్య తలుపు వైపు తిరిగి, టీచరమ్మా, పొరపాటైపోయింది, మనసులో పెట్టుకోకండి, అని, అన్నం పెట్టవే ఆకలేస్తోంది అన్నాడు. ఆయనకి అంతటితో తీరిపోయింది. ఆయన అనుమానం చొక్కాలాంటిది, విప్పి కొక్కేనికి తగిలించేశాడు.

వీధిలో ఒంటెద్దు బండి ఆగింది. పొద్దున బడికి పోతూ బండి రమ్మని చెప్పి వెళ్ళిందట కోటిరత్నం, బడి పక్కనే ఎవరిదో గది చూసుకుందట. బండి తోలే సుభానీ లోపలికొచ్చి పరుపు చుట్ట భుజానికెత్తుకున్నాడు. ఖాదర్‌బీ గబగబా వెళ్ళి కోటిరత్నం రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పయిందే తల్లీ. నన్ను నాలుగు తిట్టు, కొట్టు. పోవద్దు. నువ్వు పోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడేది?"

కోటిరత్నానికీ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "నీ మీద కోపం లేదక్కా," అంది. అక్కా అంది, నీ మీద అంది. "ఉందేమో అనుకున్నా పొద్దుట్నుంచీ, లేదు. కానీ వచ్చే నెల బిల్లొస్తుంది. ఏదో ఒక నెల మళ్ళీ ఎక్కువొస్తుంది. లేకపోతే ఇంకేదన్నా కనపడకుండా పోతుంది. అప్పుడు నేను మళ్ళీ ఇట్లా ఊపిరి బిగబట్టుకుని కూచోవాలి. లైటేస్తే ఏమనుకుంటారో, వెయ్యకపోతే ఏమనుకుంటారో. ఇవాళ కూచున్నా చాలక్కా."

"ఇంక జన్మలో నిన్ను అనుమానించను. మా జోహరా మీద ఒట్టు."

కోటిరత్నం ఆమె మొహంలోకి చూసింది. నమ్మాలని ఉంది ఆ పిల్లకి, ఆ ఆశ కళ్ళలో తెలుస్తూనే ఉంది, పట్టుకున్న చేతులు విడిపించుకోలేదు కూడా. ఒక్క నిమిషం అట్లాగే నిలబడి ఉంటే పరుపు చుట్ట బండి దిగి లోపలికి వచ్చేసేదేమో. ఈలోగా సుభానీ తిరిగొచ్చి ట్రంకు పెట్టె చెవులు పట్టుకుని లేపబోయి, లేవక, మూలిగి కింద పెట్టాడు.

"ఏం పెట్టావమ్మా ఇందులో, ఇంత బరువుంది? ఇనుమా ఏంది?"

ఖాదర్‌బీ కళ్ళు పెట్టె మీదికి పోయాయి. ఆమె పంపలేదు, అవే పోయాయి. కుట్టుపని పుస్తకాలుంటాయి, కత్తెరలుంటాయి, ఇత్తడి సామాను ఉంటుంది, ఉంటే బరువే మరి. ఇనుము. కరెంటు పొయ్యి ఇనుముతోనే చేస్తారా, ఆయన చెప్పలేదే ఆ సంగతి. తాళం ఎందుకు వేసినట్టు, ఇంత దగ్గరికి పోవడానికి.

తల తిప్పి చూస్తే కోటిరత్నం తననే చూస్తోంది.

"తెరిచి చూపించనా అక్కా?"

"వద్దు," అంది ఖాదర్‌బీ. అంది గానీ, ఆ మాట నోట్లోంచి రావడానికి కొంచెం ఆలస్యమైంది. కోటిరత్నం మెల్లగా చేతులు విడిపించుకుని, ఆ రెండో వైపు తను పట్టి, సుభానీతో కలిసి పెట్టె ఎత్తించింది.